గంజిలో ఉప్పు వెయ్యండి

వానలు మొదలయ్యాయంటే ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో చాలావరకు కడుపు చుట్టూనే తిరుగుతాయి. విరేచనాలు ఎలా ఆపాలని అడిగేవాళ్లు తక్కువ, దానికి డాక్టర్లున్నారు. తగ్గాక ఏం తినాలి, ఏం పెట్టాలి, ఎన్నాళ్లు పథ్యం చెయ్యాలి అన్న దగ్గరే అందరికీ టెన్షన్, ఇంట్లో తలా ఒక మాట చెప్తారు కూడా. అందుకే ఈసారి అలాంటి ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టి జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, బంధువుల గృహప్రవేశంలో భోజనం చేసి వచ్చిన రాత్రే మావారికీ నాకూ వాంతులు, నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. డాక్టర్‌కి చూపించుకున్నాం, తగ్గాయి. కానీ మా అత్తయ్యగారు లంఖణం పరమౌషధం అంటూ రెండు రోజులు ఏమీ తిననివ్వలేదు. ఇప్పుడేమో ఉప్పూ నూనే లేని చప్పిడి గంజి తప్ప ఇంకేదీ ముట్టుకోనివ్వడం లేదు. మంచం మీంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఇలా ఎన్నాళ్లు? పెరుగు వేసుకోవచ్చా? — ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ అత్తయ్యగారు గంజి పెట్టడం చాలా మంచి పని, ఆవిడతో ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతాది చెప్పండి. తేడా వచ్చిందల్లా ఉప్పు దగ్గరే. నీళ్ల విరేచనాల్లో నీళ్లతో పాటు సోడియం, పొటాషియం కూడా పోతాయి, వాంతుల్లో ఇంకొంత పోతుంది. పోయిన ఉప్పు తిరిగి ఇవ్వకుండా చప్పిడి గంజీ మంచినీళ్లూ మాత్రమే తాగిస్తుంటే లేవగానే కళ్లు తిరగడం, పిక్కలు పట్టెయ్యడం, నీరసం తప్పవు. చప్పిడి పథ్యం ఒళ్లు నీరు పట్టినవాళ్లకీ ఇంకొన్ని జబ్బులకీ పెట్టేది, దాన్ని తెచ్చి విరేచనాలకి పెడితే ఎలా చెప్పండి? ఇవాళే ఇద్దరూ చెరో లీటరు ఓఆర్‌ఎస్ కలుపుకుని రోజంతా కొద్దికొద్దిగా తాగండి, గంజిలో నాలుకకి తెలిసేంత ఉప్పు వెయ్యండి. రేపటికీ కళ్లు తిరగడం తగ్గకపోయినా, మూత్రం ముదురు పసుపు రంగులో కొంచెం కొంచెమే వస్తున్నా మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వాయిదా వెయ్యొద్దు.

ఉప్పు వేసిన గంజి ఎందుకు పని చేస్తుందో తెలిస్తే ఇంట్లో వాదన సగం తగ్గిపోతుంది. మన చిన్నపేగు గోడ గ్లూకోజుని లోపలికి తీసుకునేటప్పుడు దాంతో పాటే సోడియంని కూడా తీసుకుంటుంది, ఆ రెండూ వెళ్తే వాటి వెంటే నీళ్లు వెళ్తాయి. విరేచనాలు జోరుగా అవుతున్నప్పుడు కూడా పేగులో ఈ దారి మూసుకుపోదు. ఓఆర్‌ఎస్ మొత్తం ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది. గంజిలో ఉన్న పిండిపదార్థం అరిగి గ్లూకోజుగానే మారుతుంది కాబట్టి ఉప్పు పడితే అదీ అదే దారిలో పని చేస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థుల్లో కలరా చెలరేగి, పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బన్‌గావ్‌లో సెలైన్ సీసాలు చాలకపోతే డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో పోయించి కుటుంబసభ్యుల చేతే తాగించి వేలమందిని బతికించారు. ఆయనకి 2023లో, చనిపోయాక, పద్మవిభూషణ్ ఇచ్చారు. కలరా లాంటి ప్రాణాంతకమైన విరేచనాల్లో కూడా ఉప్పూ చక్కెరా కలిసిన నీళ్లు ప్రాణం నిలబెడతాయని లోకానికి నమ్మకం కుదరడానికి ఆ శిబిరం పెద్ద కారణం.

ఇక లంఖణం సంగతి. వాంతులు అవుతున్న నాలుగైదు గంటలు ఏమీ తినాలనిపించదు, అప్పుడు బలవంతంగా తినక్కర్లేదు, గుక్కెడు గుక్కెడు ఓఆర్‌ఎస్ చాలు. కానీ వాంతులు ఆగి ఆకలి అనిపించిన క్షణం నుంచి కడుపు మాడ్చడం తప్పు. పేగు లోపలి పొర కణాలు మామూలుగానే మూడు నుంచి ఐదు రోజులకోసారి పాతవి రాలి కొత్తవి వస్తుంటాయి, జబ్బు చేసినప్పుడు ఆ పొర బాగా దెబ్బతింటుంది. అది మళ్లీ పెరగడానికి కావలసిన పోషణలో చాలా భాగం పేగులోకి వచ్చే తిండి నుంచే అందుతుంది. ఏమీ తినకపోతే ఆ మరమ్మతు ఆలస్యమవుతుంది, ఒంట్లో ఉన్న కండ కరిగిపోతుంది. విరేచనం అవుతుందేమోనన్న భయంతో తినడం మానేసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. తిన్నాక ఒకటి రెండుసార్లు అవచ్చు, అయినా తిన్నదాంట్లో ఎక్కువ భాగం ఒంటికి పడుతుంది.

ఏం తినాలి అంటారా? మొదటి రోజు ఉప్పు వేసిన గంజి, సగ్గుబియ్యం జావ, బార్లీ నీళ్లు, పలచటి మజ్జిగలో ఉప్పూ కాస్త వేయించిన జీలకర్ర పొడీ. గంజి అంటే వార్చిన నీళ్లు మాత్రమే తీసుకుంటే పిండి తక్కువ ఉంటుంది, గుప్పెడు బియ్యం కడిగి చాలా నీళ్లు పోసి మెతుకు చితికిపోయేదాకా ఉడికించి, మెతుకుతో సహా తాగండి. ఒక పూట గడిచి కడుపు ఒప్పుకుంటే మెత్తటి అన్నంలోకి పెసరకట్టు కలుపుకోవచ్చు, అంటే పెసరపప్పు బాగా ఉడికించి పైన పలచగా తేలిన కట్టులో ఉప్పు, చిటికెడు పసుపు, పోపు కావాలంటే అర చెంచా నెయ్యిలో జీలకర్ర, అంతే. ఇడ్లీ బ్రహ్మాండంగా ఉంటుంది, పిండి పులిసినది, ఆవిరి మీద ఉడికినది, నూనె చుక్క లేనిది. కానీ దాని పక్కన పల్లీ చట్నీ, కారప్పొడి, అల్లం పచ్చడి పెట్టుకుంటే ఇడ్లీ ఎంచుకున్న లాభం పోతుంది, పెరుగులో ముంచుకునో పలచటి పప్పుకట్టుతోనో తినండి. రెండో రోజుకి బీరకాయ, సొరకాయ, పొట్లకాయ చెక్కు తీసి, ముదురు గింజలు తీసేసి, పెసరపప్పుతో మెత్తగా ఉడికించుకోవచ్చు. ఉడికించిన బంగాళదుంప కూడా మంచిదే, ఉప్పు వేసి చిదుపుకు తింటే పొటాషియం కూడా అందుతుంది.

అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది అరటికాయ గురించి. మన ఇళ్లలో విరేచనాలకి అరటిపండు పెడతారు, మంచిదే, కానీ పచ్చి అరటికాయని తొక్కతోనే ఉడకబెట్టి, తొక్క తీసి, చిదిమి, ఉప్పు కలిపి అన్నంలో పెట్టడం అంతకంటే మంచిది, మనవాళ్లు కూర వండుకున్నంతగా దీన్ని పథ్యంగా వాడరు. పచ్చికాయలో ఉండే పిండిపదార్థం కొంత చిన్నపేగులో అరగకుండా పెద్దపేగుదాకా వెళ్తుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడితే వచ్చే ఆమ్లాలు పెద్దపేగు ఉప్పునీ నీటినీ తిరిగి పీల్చుకోవడానికి సాయం చేస్తాయి. ఢాకాలోని అంతర్జాతీయ విరేచన వ్యాధుల పరిశోధన కేంద్రం వాళ్లు ఎన్నాళ్లయినా తగ్గని విరేచనాలున్న పిల్లలకి ఉడికించిన అరటికాయ పెట్టి చూస్తే, పెట్టనివాళ్లకంటే తొందరగా తగ్గాయి. ఖర్చు లేదు, ఊళ్లో ఎక్కడైనా దొరుకుతుంది.

పెరుగు తప్పకుండా వేసుకోండి. పాల విషయం వేరు. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరని అరిగించే ఎంజైమ్ పేగు పొర చివళ్లలో ఉంటుంది, ఆ చివళ్లే ముందు దెబ్బతింటాయి కాబట్టి కొన్ని రోజులు కొందరికి పాలు తాగితే ఉబ్బరం, మళ్లీ విరేచనం. పెరుగులో లాక్టోజ్ కొంత ముందే తగ్గిపోయి ఉంటుంది, మిగిలినదాన్ని అరిగించడానికి అందులోని బ్యాక్టీరియా సాయపడుతుంది. పుల్లటి పెరుగు వద్దు, ఆ రోజు తోడుకున్నది చాలు. పాలు, పాల టీ, కాఫీ ఒక వారం పక్కన పెట్టి తర్వాత సగం గ్లాసుతో మొదలుపెట్టండి. ఆవకాయ, వేపుళ్లు, బిర్యానీ, శనగపప్పు, పచ్చి ఉల్లిపాయ, మసాలా కూరలు కూడా వారం దాకా వద్దు. గుడ్డు ఉడికించినదైతే మూడో రోజు నుంచి తినొచ్చు, మాంసం తినేవాళ్లు మెత్తగా ఉడికిన చికెన్ ముక్కలు ఆ తర్వాత మొదలుపెట్టొచ్చు. మీకు ఇప్పటికే మూడు నాలుగు రోజులు గడిచాయి, విరేచనాలు కట్టాయి, కాబట్టి ఇంక గంజి దగ్గరే ఆగిపోవాల్సిన పని లేదు, ఇవాళ మధ్యాహ్నమే మెత్తటి అన్నం, పెసరకట్టు, పెరుగుతో భోజనం చెయ్యండి.

ప్రశ్న: అక్కా, వరంగల్‌లో హాస్టల్‌లో ఉంటున్నాను. బయట పానీపూరీ తిన్నాక మోషన్స్. రూమ్‌లో కెటిల్ ఒక్కటే ఉంది. మెస్‌లో అన్నీ కారమే. ఏం తిని బతకాలి? మెడికల్ షాప్‌లో మోషన్స్ ఆగిపోయే మాత్ర ఇచ్చాడు, వేసుకోవచ్చా? — డిగ్రీ విద్యార్థి

జవాబు: తమ్ముడూ, కెటిల్ ఉంటే చాలా చెయ్యొచ్చు. నీళ్లు మరిగించి చల్లార్చుకో, లీటరు బాటిల్‌లో ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒకేసారి కలుపు. సగం ప్యాకెట్ గ్లాసులో కలపడం, చప్పగా ఉందని పంచదార ఎక్కువ వెయ్యడం చెయ్యొద్దు, పాళ్లు మారితే మేలుకి బదులు కీడు జరుగుతుంది. కలిపింది ఒక రోజుకి మించి ఉంచొద్దు. ప్యాకెట్ దొరకని రాత్రి లీటరు నీళ్లలో సమంగా తీసిన ఆరు టీ స్పూన్ల పంచదార, అర టీ స్పూన్ ఉప్పు, ఇది సరిగ్గా కొలిచి మాత్రమే.

తిండికి అటుకులు కొనుక్కో. కడిగి, వేడినీళ్లు పోసి పది నిమిషాలు మూత పెడితే మెత్తబడతాయి, ఉప్పూ పెరుగూ కలుపుకుని తినొచ్చు. మెస్‌లో తెల్లన్నం మాత్రం తెచ్చుకుని వేడినీళ్లు పోసి చిదిపి పెరుగుతో తిను, సాంబారు, పచ్చడి జోలికి పోవద్దు. అన్నం వేడిగా ఉన్నప్పుడే తెచ్చుకో, పొద్దున వండి గంటల తరబడి బయట ఉన్న అన్నంలో ఒకరకం బ్యాక్టీరియా పెరిగి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు, వాంతులు తిరగబెడతాయి. అరటిపళ్లు, బ్రెడ్, మరమరాలు, సాదా ఇడ్లీ పార్సిల్, ఇవన్నీ నీకు పనికొస్తాయి. కూల్ డ్రింక్, సోడా, ఎనర్జీ డ్రింక్ వద్దు, వాటిలో పంచదార మరీ ఎక్కువ, అది పేగులోకి ఇంకా నీళ్లు లాగుతుంది, ఉప్పు మాత్రం కావలసినంత ఉండదు. కప్పు నూడుల్స్ కూడా మసాలా మొత్తం వేసుకుని తినకు.

మాత్ర సంగతి: జ్వరం ఉన్నా, విరేచనంలో జిగట, రక్తం కనిపించినా ఆ ఆపే మాత్ర వేసుకోకూడదు, లోపల ఉన్న క్రిమిని బయటికి పోనివ్వకుండా ఆపినట్టవుతుంది. అలాంటివేవీ లేకపోయినా డాక్టర్‌ని అడిగే వేసుకో. షాపువాడు ఇచ్చే యాంటీబయాటిక్ అసలే వద్దు. ఇంకో మాట, రూమ్‌మేట్‌కి చెప్పి ఉంచు, ఒక్కడివే గదిలో తలుపేసుకుని పడుకోకు.

ప్రశ్న: మా పాపకి ఏడాదిన్నర. మూడు రోజుల నుంచి విరేచనాలు, ఆట కొంచెం తగ్గింది గానీ హుషారుగానే ఉంది. షాప్‌లో ఓఆర్‌ఎస్ అని అడిగితే పండ్ల రుచి ఉన్న టెట్రా ప్యాక్ ఇచ్చారు, ఇష్టంగా తాగుతోంది. మా అమ్మ జాజికాయ, వస అరగదీసి పెడదామంటోంది. తల్లిపాలు ఆపాలా? — ఖమ్మం నుంచి ఒక తల్లి

జవాబు: తల్లిపాలు ఆపొద్దు, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వండి. ఇంటి పెద్దలు ఎవరైనా ఆపమన్నా ఆపొద్దు.

ఆ టెట్రా ప్యాక్ పారెయ్యండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఫార్ములాలో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితో పాటు పొటాషియం క్లోరైడ్, సిట్రేట్. పేరులో ఓఆర్‌ఎస్ పెట్టుకుని అమ్మిన తియ్యటి పానీయాల్లో పంచదార దానికి ఎన్నో రెట్లు ఉండేది, పిల్లలకి అది విరేచనాలని పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. ఎంతమంది పిల్లల్ని ఆ పోరాటం కాపాడుతుందో తలుచుకుంటే ఆవిడకి దండం పెట్టాలనిపిస్తుంది. మీరు మాత్రం షాపులో ప్యాకెట్ వెనక్కి తిప్పి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూసే కొనండి. ఆశా కార్యకర్త దగ్గరా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉచితంగా ఇస్తారు. విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో మెల్లగా పట్టండి, కక్కేస్తే పది నిమిషాలు ఆగి మళ్లీ ఇంకా నెమ్మదిగా. జింక్ కూడా అడగండి, ఆరు నెలలు దాటినవాళ్లకి రోజుకి 20 మిల్లీగ్రాములు, విరేచనాలు తగ్గిపోయినా మధ్యలో మానకుండా 14 రోజులు. చాలామంది తల్లులు మూడో రోజే మానేస్తారు, అలా చెయ్యకండి.

జాజికాయ, వస వద్దు. అమ్మమ్మగారి ప్రేమని నేను కాదనను, కానీ ఎంత అరగదీస్తే ఎంత లోపలికి పోతుందో ఎవరికీ తెలియదు, చంటిపిల్లలకి ఎక్కువైతే మత్తు, ఫిట్స్ దాకా వెళ్లే ప్రమాదం ఉంది. ఆవిడ చేతుల మీదుగా పెసరపప్పూ బియ్యం కలిపి చేసిన మెత్తటి పొంగలి పెట్టించండి, మిరియాలు లేకుండా, ఒక చెంచా నెయ్యి వేసి. పిల్లలకి నెయ్యి, నూనె ఆపేయక్కర్లేదు, కొంచెం తిన్నా బలం వస్తుంది. ఇడ్లీ పెరుగులో చిదిపి, అరటికాయ, ఆపిల్ ఉడికించి మెత్తగా చేసి, రోజుకి ఐదారుసార్లు కొంచెం కొంచెంగా. తగ్గాక కూడా రెండు వారాల పాటు రోజూ ఒక పూట అదనంగా పెట్టండి, పోయిన బరువు తిరిగి వస్తుంది.

మూడు రోజులైంది కాబట్టి ఒకసారి డాక్టర్‌కి చూపించండి. పాప మగతగా ఉన్నా, కళ్లు లోపలికి పోయినట్టున్నా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, ఆరు గంటలుగా మూత్రం పొయ్యకపోయినా, పొట్ట మీద చర్మం పట్టుకు వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, రక్తం పడినా, ఏది తాగినా కక్కేస్తున్నా ఎవరినీ అడగకుండా ఆసుపత్రికి బయలుదేరండి, బండి లేకపోతే 108కి ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. ఇక్కడ అందరూ అరటిపండు, అన్నం, ఆపిల్ సాస్, టోస్ట్ మాత్రమే తినమంటారు. అదే పాటించాలా?

జవాబు: ఆ నాలుగూ తేలికైనవే, కానీ వాటితోనే రోజులు గడిపితే మాంసకృత్తులూ కొవ్వూ అందవు, అక్కడి పిల్లల డాక్టర్లే ఇప్పుడు అంత కట్టడి వద్దంటున్నారు. మీ ఇంట్లో పెరుగన్నం, పెసరపప్పు పొంగలి ఉండగా టోస్ట్ వెంట పడక్కర్లేదు. పెరుగు బయట కొంటే చక్కెర, పండ్ల ముక్కలు కలపని సాదాది తీసుకోండి.

ప్రశ్న: నాన్నకి 70 దాటాయి. షుగర్, బీపీ రెండూ ఉన్నాయి. విరేచనాలు అయ్యాయి, ఓఆర్‌ఎస్‌లో చక్కెర ఉంటుందని తాగనంటున్నారు. కొబ్బరినీళ్లు మాత్రమే తాగుతున్నారు. మాత్రలు మామూలుగానే వేసుకుంటున్నారు. — నెల్లూరు

జవాబు: ఈ ఉత్తరం చదివి కంగారు పడ్డాను, ఎందుకంటే ఇందులో తొందరగా చూసుకోవాల్సినవి చాలా ఉన్నాయి. ఓఆర్‌ఎస్ లీటరు మొత్తంలో గ్లూకోజ్ 13.5 గ్రాములే, రెండు మూడు చెంచాల పంచదార పాటిది, దానికి భయపడి ఉప్పూ నీళ్లూ పోగొట్టుకుంటే కిడ్నీల మీద పడుతుంది. షుగర్ ఉన్నవాళ్లు కూడా తాగాలి, ఇంట్లో మిషన్ ఉంటే రోజుకి నాలుగైదుసార్లు షుగర్ చూసుకుంటూ. గుండె జబ్బో కిడ్నీ జబ్బో కూడా ఉంటే ఎంత తాగాలో డాక్టర్ చెప్పాలి. కొబ్బరినీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది, సోడియం తక్కువ, అందుకని అది ఓఆర్‌ఎస్‌కి బదులు కాదు. కిడ్నీలు బలహీనంగా ఉన్నా, బీపీకి పొటాషియం పెంచే రకం మందులు వాడుతున్నా అసలు ఇవ్వొద్దు. తిండికి ఇడ్లీ, పెసరకట్టు అన్నం, పెరుగు, సొరకాయ, ఉడికించిన గుడ్డు, రెండు మూడు గంటలకోసారి కొంచెం కొంచెంగా, ఒక్క పూట కూడా ఖాళీ కడుపుతో ఉంచొద్దు. రాగి జావ ఇస్తే వడకట్టిన పిండితో, పలచగా, ఉప్పు వేసి.

మాత్రల గురించి మాత్రం ఈరోజే, వచ్చే డోసు వేసుకునే ముందే, ఆయన డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు మెట్‌ఫార్మిన్ లాంటి షుగర్ మాత్రలు, మూత్రం ఎక్కువ పోయించే బీపీ మాత్రలు, ఇంకొన్ని రకాలు కొన్ని రోజులు ఆపమని డాక్టర్లు చెప్తుంటారు, ఏవి ఆపాలో ఏవి కొనసాగించాలో మీరూ నేనూ నిర్ణయించకూడదు. ఇన్సులిన్ వాడుతుంటే మీ అంతట మీరు పూర్తిగా మానెయ్యొద్దు, సరిగ్గా తినడం లేదని చెప్పి డోసు ఎంత వెయ్యాలో అడగండి. ఫోన్ దొరక్కపోతే దగ్గర్లో ఉన్న ఏ డాక్టర్ దగ్గరికైనా తీసుకెళ్లండి, వెళ్లేటప్పుడు మందుల చీటీ, షుగర్ రీడింగులు రాసిన కాగితం, ఓఆర్‌ఎస్ బాటిల్ వెంట పెట్టుకోండి.